మూత మీది అంకెలు

మా బాబాయి కాగితాన్ని నమ్మడు. బ్యాటరీల దుకాణంలో కాగితం బతకదంటాడు. నిజమే. యాసిడ్ ఆవిరికి చీటీ నెల తిరక్కుండా జల్లెడవుతుంది, ముట్టుకుంటే రాలిపోతుంది. అందుకని చార్జింగుకి వచ్చిన ప్రతి బ్యాటరీ మీద సుద్దముక్కతో మనిషి గుర్తు రాసేవాళ్ళం. పేర్లు కాదు, మాకు మాత్రం తెలిసే గుర్తులు. "మీసాలాయన." "పాల వ్యాను." "తెల్లకారు డాక్టరు." "అరిచే ఆవిడ." ఆ అరిచే ఆవిడ ఒకసారి తొందరపడి లోపలికొచ్చి, తన బ్యాటరీ మీద ఆ రాత చూసి నిజంగానే అరిచింది. అప్పటి నుంచి ఆవిడది "మంచి ఆవిడ" అని రాస్తున్నాం.

సుద్దతో రాసే పని నాది. ఊళ్ళో పదో తరగతి అయ్యాక బాబాయి, పిన్ని నన్ను తమ దగ్గరికి తెచ్చుకున్నారు. వాళ్ళకి పిల్లల్లేరు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో చార్జింగ్ గది. వంటింట్లోకి వెళ్ళాలన్నా ఆ గది దాటే వెళ్ళాలి. పగలంతా అందులో ఎసరు మరుగుతున్నట్టు సన్నగా బుడబుడమనే చప్పుడు, గొంతులో పుల్లగా తగిలే వాసన. నా బట్టలన్నిటికీ యాసిడ్ చుక్కలు పడి చిల్లులు. "మా అమ్మాయికి చుక్కల డిజైన్లే ఇష్టం" అని పిన్ని ఇరుగుపొరుగుతో అనేది.

"దీనికి నోరు లేదుగానీ జ్ఞాపకం కొండంత," అని బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "ఏ బ్యాటరీ ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఇక నాకు చిట్టాలెందుకు?" ఆ మాట విన్నప్పుడల్లా నేను తల వంచుకుని పని చేసుకునేదాన్ని. లోపల మాత్రం ఆ మాట ఇంకోసారి అంటే బాగుండునని ఉండేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. బ్యాటరీలు చలికి చస్తాయని జనం అనుకుంటారు. చలికి మొరాయిస్తాయి, అంతే. చంపేది ఎండ. బానెట్ కింద వేడికి లోపలి నీళ్ళు ఆవిరైపోతాయి, పలకలు బయటపడతాయి, ఓ రోజు తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడొచ్చి ఊరుకుంటుంది. డాక్టరుకి జ్వరాల కాలం ఎలాగో మాకు ఎండాకాలం అలాగ.

అలాంటి ఒక ఉదయం పాత నీలం కారునొకదాన్ని ఇద్దరు మనుషులు తోసుకొచ్చి దుకాణం ముందు ఆపారు. స్టీరింగు దగ్గర నుంచి దిగిన పెద్దాయన చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. ఒకటి ఎరుపు.

"ఇక్కడ బాధ్యులెవరండీ?" అని అడిగారాయన.

బ్యాటరీల దుకాణంలో ఎవరూ అలా అడగరు. ఆ గొంతు వినగానే నాకు తెలియకుండానే స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. మా ఊరి బళ్ళో మూడేళ్ళు నాకు లెక్కలు, సైన్సు చెప్పిన మాస్టారు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు. "మూడో వరస, కిటికీ పక్కన. నువ్వు మాట్లాడేదానివి కాదు."

"ఇప్పుడూ అంతే మాస్టారూ," అన్నాడు బాబాయి. "మీరక్కడ నేర్పలేదు, నాకిక్కడ చేతకాలేదు."

మాస్టారు నవ్వి విషయం చెప్పారు. ఇంట్లో ఆవిడకి వారానికి రెండుసార్లు డయాలసిస్. బస్సులో తీసుకెళ్ళే స్థితి దాటిపోయింది. అందుకే రిటైరయ్యాక ఈ కారు కొని, ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నారు. ఎనిమిది నెలల కిందట కొత్త బ్యాటరీ వేయించింది మా బాబాయి దగ్గరే. అప్పటికి నేనింకా రాలేదు.

"నిన్న ఆసుపత్రి దగ్గర లైట్లు ఆర్పడం మర్చిపోయానండీ. పొరపాటు నాది, బ్యాటరీది కాదు. ఎల్లుండి మళ్ళీ ఆవిణ్ణి తీసుకెళ్ళాలి. అందుతుందా?"

"మా అమ్మాయి చూసుకుంటుంది," అన్నాడు బాబాయి.

"అయితే నాకు దిగుల్లేదు," అన్నారు మాస్టారు.

చార్జింగ్ గదిలో మాస్టారి బ్యాటరీ పక్కన అదే కంపెనీది, అదే సైజుది ఇంకొకటి ఉంది. అది కవర్లాయనది. కవర్లాయనంటే పాత కార్లు కొని అమ్మే మనిషి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు చచ్చినా తియ్యనివ్వడు, కొత్తదనం పోతుందని. ఆయన బ్యాటరీ మూడేళ్ళది, ఆఖరి దశలో ఉంది. "వారం లాగిందంటే చాలు, ఈలోపు బండి ఎవరికైనా అంటగట్టేస్తాను," అని ఇచ్చి వెళ్ళాడు. రెండూ కవలపిల్లల్లా పక్కపక్కన బుడబుడలాడుతున్నాయి. ఒకదాని మీద "మాస్టారు", ఇంకోదాని మీద "కవర్లు" అని నేనే రాశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ గది నిప్పుల కొలిమిలా ఉంది. బాబాయి భోంచేసి నడుం వాల్చాడు. నేను నేలకి నీళ్ళు కొట్టాను, కిటికీకి తడి గోనెపట్టా కట్టాను. ఊరుకున్నా బాగుండేది. బ్యాటరీల మీద దుమ్ముందని తడిగుడ్డ తీసుకుని వరసగా తుడుచుకుంటూ పోయాను. పని బాగా చేస్తున్నానని మురిసిపోతూ తుడిచాను. చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఈ రెండిటి మీదా సుద్ద లేదు.

తెలుసుకునే దారి లేక కాదు. బాబాయి సొరుగులో గ్యారంటీ కార్డుల రెండో సగాలుంటాయి, వాటి మీద నంబర్లుంటాయి, బ్యాటరీ మూత మీదా అదే నంబరు అచ్చొత్తి ఉంటుంది. లేదా హైడ్రోమీటరు ముంచి చూసినా చాలు. గాజు గొట్టంలో చిన్న తేలుడు పుల్ల అది, యాసిడ్ బాగుంటే పైకి తేలుతుంది, పల్చబడితే మునుగుతుంది. మూడేళ్ళదేదో ఎనిమిది నెలలదేదో అది చెప్పేస్తుంది. కానీ నాకు గుర్తుంది కదా. గోడ వైపుది మాస్టారిది. సుద్దముక్క తీసి రాసేశాను.

పొద్దున నేను కౌంటరు దగ్గరున్నప్పుడు, వైరు అందడం లేదని బాబాయి ఆ రెండిటినీ అటూ ఇటూ మార్చాడు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

మాస్టారి బళ్ళో ఒక రూలుండేది. పరీక్షలో తెలియని ప్రశ్న ఖాళీగా వదిలెయ్యాలి. ఖాళీకి సున్నా. ఊహించి రాస్తే రెండు మార్కులు కోత. అందరం తిట్టుకునేవాళ్ళం. సుద్దతో రాసేటప్పుడు ఆ రూలు నాకు గుర్తు రాలేదు. నేను ఊహిస్తున్నానని నాకు తెలిస్తే కదా.

మూడో రోజు మాస్టారి కారులో బ్యాటరీ నేనే బిగించాను. తాళం తిప్పగానే బండి లేచింది. "శభాష్," అన్నారాయన, ఎప్పుడో బళ్ళో ఒక్కసారి అన్నట్టే.

వారం దాటాక కవర్లాయన టీలు చెప్పుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. పక్క హోటలు నుంచి అందరికీ టీ తెప్పించాడు. ఆ మనిషి టీ పోయించడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

"ఏం చార్జింగయ్యా మీది! చచ్చిన దానికి ప్రాణం పోశారు. సగం తిప్పగానే బండి సింహంలా లేచింది. ఆ ఊపు చూసి కొనేవాడు బేరం కూడా ఆడలేదు. దూరం ఊరు వాడు, తోలుకుపోయాడు." నా వైపు తిరిగి, "ఈ తల్లి చేతిలో ఏదో ఉంది," అన్నాడు.

బాబాయి మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ?"

నా చేతిలో ఉన్నది టీ గ్లాసు. అది కింద పెట్టాను. మూడేళ్ళ బ్యాటరీ, అందులోని ఆరు సెల్లుల్లో ఒకటి దాదాపు పోయింది, ఏ చార్జింగుకీ అలా లేవదు. గోడ వైపుది, కిటికీ వైపుది, తడిగుడ్డ, సుద్దముక్క అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. అక్కడే, అప్పుడే చెప్పి ఉండాల్సింది. అందరూ నన్నే చూస్తున్నారు, బాబాయి నవ్వుతున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మూడు రోజులకి మాస్టారు వచ్చారు. "పొద్దున కాస్త బద్ధకిస్తోందమ్మా," అన్నారు. బానెట్ ఎత్తాను. మూత మీది దుమ్ము బొటనవేలితో తుడిచాను. అచ్చొత్తిన అంకెల్లో సంవత్సరం మూడేళ్ళ కిందటిది. ఆరు సెల్లుల్లోనూ హైడ్రోమీటరు ముంచాను. మూడోదాంట్లో పుల్ల ఎర్రగీతలోకి మునిగిపోయింది.

"ఏమిటి సంగతి?" అని అడిగారు.

"నీళ్ళు తగ్గాయి మాస్టారూ," అన్నాను. "ఎండ కదా."

నీళ్ళు తగ్గిన మాట నిజమే. వేలి మందం తగ్గాయి.

"అంటే నేను చూసుకోవడం లేదన్నమాట." ఆయన కారులోంచి గీతల నోటుబుక్కు ఒకటి తెచ్చారు. కౌంటరు మీద పెట్టి, స్కేలుతో నిలువుగీతలు కొట్టారు. "చెప్పమ్మా. మొదటి నుంచి చెప్పు."

నేను చెప్పాను. ఆయన రాసుకున్నారు. నీడలో ఆపాలి. వారానికోసారి మూతలు తీసి చూడాలి, పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, పంపు నీళ్ళు కాదు. టెర్మినళ్ళ మీద తెల్లటి బూజు పడితే సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక వ్యాజిలీన్ రాయాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ప్రతి మాటా రాసి, తిరిగి నాకు చదివి వినిపించారు. "సరేనా? తప్పుందా?"

"లేదు మాస్టారూ."

తప్పు లేదు. ప్రతి మాటా సరైనదే. ఆ బ్యాటరీకి ఏదీ పనికిరాదు, అంతే. వెళ్తూ వెళ్తూ హైడ్రోమీటరు ఒకటి కొనుక్కుని వెళ్ళారు.

ఆ తర్వాత మూడు రోజులకోసారి నోటుబుక్కుతో వచ్చేవారు. ఒక్కో రోజుకి ఒక్కో వరస, ఆరు సెల్లులకీ ఆరు గడులు, ముత్యాల్లాంటి అంకెలు. చివరి గడి మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అది తన సొంతానికట.

"అయిదుగురూ బాగానే చదువుతున్నారు," అనేవారు. "మూడోవాడే అందుకోవడం లేదు."

"వాడి సంగతి అంతేలెండి మాస్టారూ," అనేశాను ఒకసారి.

"అలా అనకూడదు. తరగతిలో ఒకడు వెనకబడితే ముందు మాస్టారు తనని తాను చూసుకోవాలి."

దుకాణంలో అందరికీ ఇది వేడుకైపోయింది. "పాపం, మాస్టారు బ్యాటరీకి ట్యూషన్ చెప్తున్నారు," అనేవాడు బాబాయి ఆయన వెళ్ళాక. "అంత శ్రద్ధ మా కస్టమర్లలో సగం మందికుంటే నేను దుకాణం మూసుకోవాలి." పిన్ని కూడా నవ్వేది. నేను రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ఎవరో వచ్చారు. ఇంకోసారి ఎవరూ రాలేదు, అయినా మూసుకున్నాను. చెయ్యగలిగింది ఒకటి చేశాను. "ఒకసారి చార్జింగుకి పెడతాను, రేపిస్తాను మాస్టారూ," అని తీసుకుని, పగలూ రాత్రీ నిదానంగా ఎక్కించాను. మర్నాడు నాలుగు రోజులపాటు బాగా పనిచేసే బ్యాటరీని ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

అది అయిదో రోజున అయింది.

మర్నాడు పొద్దున మాస్టారు ఆటోలో వచ్చారు. బ్యాటరీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని దిగారు. చొక్కా ఇస్త్రీ లేదు. దుకాణంలో బాబాయి ఉన్నాడు, ఒక లారీ డ్రైవరు ఉన్నాడు, నేనున్నాను.

"నిన్న ఆసుపత్రి దగ్గర మొండికేసిందండీ," అన్నారు నెమ్మదిగా. "అప్పుడే ఆవిడకి డయాలసిస్ అయి బయటికొచ్చాం. అది చేయించుకున్నాక మనిషికి ఓపికుండదు. మిట్టమధ్యాహ్నం. గంటన్నర కారులోనే కూర్చుంది. తలుపులు తీసి రిపోర్టుల అట్టతో విసిరాను. ఆవిడ 'మీరు నీడలోకి వెళ్ళండి' అంది." జేబులోంచి గ్యారంటీ కార్డు తీశారు. "ఏడాది కాలేదు కదా. గ్యారంటీలో వస్తుందేమో చూడండి. రాకపోయినా పరవాలేదు."

"ఎందుకు రాదు మాస్టారూ? హక్కుగా వస్తుంది," అని బాబాయి కార్డు తీసుకున్నాడు. కార్డు చూశాడు. మూత మీద అంకెలు చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు. సొరుగు లాగి రెండో సగం తీసి చూశాడు. బాబాయి మొహంలో నవ్వు మెల్లిగా ఆరిపోయింది.

"మాస్టారూ, కార్డు మీదే. బ్యాటరీ మాత్రం మీది కాదు."

"అంటే?"

"ఇది మూడేళ్ళది. మీకు నేనిచ్చింది ఎనిమిది నెలల కిందటిది." బాబాయి గొంతు తగ్గించాడు. "కొత్తది తీసేసి, పాతది పెట్టి, కార్డు పట్టుకొచ్చేవాళ్ళున్నారు మాస్టారూ. వారానికొకరు వస్తారు. మీరు చేశారని నేననను. ఎవరో సలహా ఇచ్చి ఉంటారు."

లారీ డ్రైవరు గోడకేసి చూస్తూ, "పంతుళ్ళూ నేర్చారన్నమాట," అన్నాడు.

మాస్టారికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "మీ దగ్గర చార్జింగుకిచ్చాను కదండీ. ఇక్కడేమైనా..."

"మా దగ్గర మారదు," అన్నాడు బాబాయి. నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వే కదా ఇచ్చావు? మారిందా?"

ముగ్గురూ నన్ను చూశారు. మాస్టారు కూడా. ఆయన చూపులో అనుమానం లేదు. జవాబు తెలిసిన పిల్లని లేపి నిలబెట్టినప్పుడు చూసే చూపు అది.

"సుద్దతో రాసుంది బాబాయ్," అన్నాను.

అబద్ధం కాదు. రాసే ఉంది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ వాక్యంలో నాకు అబద్ధం దొరకదు. దొరికితే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

"అయితే నేనే ఎక్కడో పొరపాటు పడి ఉంటాను," అన్నారు మాస్టారు. కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు, బ్యాటరీని రెండు చేతుల్తో ఎత్తుకున్నారు. సాయం పట్టడానికి నేను వెళ్ళబోతే, "వద్దమ్మా, చేతులకి అంటుతుంది," అన్నారు. నోటుబుక్కు కౌంటరు మీద మర్చిపోయి వెళ్ళారు.

దాన్ని తెరిచాను. పంతొమ్మిది వరసలు. మూడో సెల్లు గడిలో ప్రతి రోజూ ఎర్రసిరా. చెయ్యి అడ్డం పెట్టుకునే చివరి గడికి పైన "కారణం" అని ఉంది. కింద పంతొమ్మిదిసార్లూ ఒకటే మాట: "నా అజాగ్రత్త."

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. జరిగింది విని పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "అంత పెద్దమనిషి. నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

"నాకు మాత్రం అయిందా? కానీ నంబరు అబద్ధం చెప్తుందా? ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ కష్టం ఎవరిచేతైనా ఏదైనా చేయిస్తుంది."

"పాపం," అంది పిన్ని.

ఆ పాపం అన్న మాట మాస్టారి మీద వాలడం నేను చూశాను.

"సుద్ద చెరిగిపోయింది బాబాయ్," అన్నాను.

"ఇప్పుడా?"

"అప్పుడు. నేలకి నీళ్ళు కొట్టిన రోజు. రెండిటి మీదా చెరిగిపోయింది. నేను ఊహించి రాశాను. మాస్టారిది కవర్లాయనకెళ్ళింది."

బాబాయి ముద్ద కంచంలోకి వదిలేశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆయన టీ తెప్పించిన రోజు."

బాబాయి నన్ను చూశాడు. కోపంగా కాదు. బ్యాటరీకి లోడ్ మీటరు తగిలించి ముల్లు ఎక్కడిదాకా పడుతుందో చూస్తాడే, అలా చూశాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"పొద్దున నిన్ను అడిగాను," అన్నాడు తుడుచుకుంటూ. అరలోంచి కొత్త బ్యాటరీ ఒకటి దించి, స్కూటరు తీశాడు.

స్కూటరు మీద వెనక కూర్చున్నాను. ఒళ్ళో కొత్త బ్యాటరీ, దాని మీద నోటుబుక్కు. మాస్టారి ఇంటి ముందు నీలం కారు నీడలో ఉంది. చెట్టు నీడ కాదు. గోడ మేకులకీ రెండు కర్రలకీ కలిపి పాత దుప్పట్లు కట్టి ఉన్నాయి. నీడలో ఆపమని నేను చెప్పాను కదా.

తలుపు తీసింది మాస్టారి భార్య. సన్నగా, పాలిపోయి ఉంది. మోచేతి మడతలో కట్టు. "ఆ అమ్మాయివి నువ్వేనా?" అంది నన్ను చూసి. "రోజూ నీ మాటేనమ్మా ఈయనకి. నా దగ్గర చదివిన పిల్ల ఇప్పుడు నాకు పాఠం చెప్తోందని వీధంతా చెప్పుకున్నారు."

మాస్టారు బయటికొచ్చారు. బాబాయి చెప్పులు విడిచి, ఇంట్లోకి వెళ్ళకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. "పొద్దున నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికొచ్చాను మాస్టారూ. మారింది మా దగ్గరే. నలుగురిలో అన్నాను. ఆ లారీ అతనికి కూడా నేనే వెళ్ళి చెప్తాను."

"మార్చింది నేను మాస్టారూ," అన్నాను. మిగతాది కూడా చెప్పాను. నిలబడి అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆయన అంతా విన్నారు. నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని తెరిచారు.

"ఏ పేజీ నుంచి తెలుసు?"

"మొదటి పేజీ నుంచి."

ఆయన తల ఊపారు. లోపలి నుంచి ఆవిడ దగ్గు వినిపించింది. "ముందు బ్యాటరీ పెట్టు," అన్నారు. "సాయంత్రం ఆవిణ్ణి డాక్టరుకి చూపించాలి."

ఇంటికొచ్చి ఆయన మళ్ళీ బిగించుకున్న పాతదాన్ని నేను విప్పుతుంటే, ఆయన పక్కన నిలబడి మెల్లిగా అన్నారు, నన్ను దెప్పడానికి కాదు, అలవాటు కొద్దీ: "విప్పేటప్పుడు ముందు నెగటివ్." బిగిస్తుంటే, "చివర నెగటివ్." పానా రెండుసార్లు జారింది. తాళం తిప్పారు. బండి లేచింది. ఈసారి శభాష్ అనలేదు.

తర్వాత నోటుబుక్కు బానెట్ మీద పరిచి, జేబులోంచి ఎర్రపెన్ను తీసి నా చేతికిచ్చారు. "దిద్దు."

"ఇందులో తప్పుల్లేవు మాస్టారూ."

"ఉన్నాయి. చివరి గడి చూడు. నేను కూడా ఊహించే రాశాను. తెలియనప్పుడు ఖాళీగా వదలాల్సింది. రెండు మార్కులు నాకూ కోత. కొట్టేసి, సరైనది రాయి."

"నా అజాగ్రత్త" అన్న మాటని పంతొమ్మిదిసార్లు కొట్టేశాను. బానెట్ వేడికి చెయ్యి కాలుతోంది, తియ్యలేదు. అన్నిటికీ కింద రాశాను: సుద్ద రాత నాది. తెలిసి చెప్పలేదు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "దస్తూరి మారలేదు," అని పుస్తకం మూసేశారు.

తొలకరి పడేలోపు బాబాయి తెల్ల పెయింటు, సన్న బ్రష్షు తెచ్చాడు. ఇప్పుడు చార్జింగుకొచ్చిన ప్రతి బ్యాటరీ మీదా మూత నంబరే పెయింటుతో రాస్తాం. రాసేది ఇంకా నేనే. రాశాక బాబాయి ఒకసారి లోపలికొచ్చి, వేరే పనున్నట్టు నటిస్తూ చూసి వెళ్తాడు. నా జ్ఞాపకం కొండంత అన్న మాట మళ్ళీ ఎవరి దగ్గరా అనలేదు. కొత్తవాళ్ళెవరైనా "ఈ అమ్మాయెవరు?" అని అడిగితే, "మా అన్నయ్య కూతురు," అని ఊరుకుంటాడు.

మాస్టారు మా దుకాణం మానలేదు. మానేస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. నెలకోసారి నీలం కారులో వస్తారు, ఆవిడ ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి నన్ను పలకరిస్తుంది. నీళ్ళు చూస్తాను, టెర్మినళ్ళు తుడుస్తాను. మాస్టారు మా ఊరి సంగతులు అడుగుతారు, ఎండల గురించి మాట్లాడతారు. అంతా అయ్యాక జేబులోంచి కార్డు తీసి, కళ్ళజోడు పెట్టుకుంటారు. నేను మూత మీద దుమ్ము తుడిచి వేలు పెడతాను. ఆయన హాజరు పిలిచినట్టు ఒక్కో అంకె చదువుతారు.

"ఏడు."

"ఉంది మాస్టారూ."

"సున్నా."

"ఉంది."

"నాలుగు."

"ఉంది మాస్టారూ."

ఎనిమిది అంకెలు. చివరిది అయ్యాక కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "మంచిదమ్మా," అంటారు. నేను బానెట్ దించుతాను.